జీతం ఇంటికొస్తోంది... మరి మనసు?



"గవర్నమెంటు ఉద్యోగం. ఇంకేం కావాలమ్మా?" ఈ మాట మనం పెళ్ళిచూపుల నాటి నుంచీ వింటున్నదే. మా నూజివీడు వైపు మామిడి తోటలున్న వాళ్ళు కూడా పిల్లనివ్వాలంటే ముందు సర్కారు కొలువే చూస్తారు. తోట ఒక ఏడు విరగకాస్తుంది, మరో ఏడు తేనెమంచు పురుగు పట్టి పూతంతా మాడిపోతుంది. జీతానికి పురుగు పట్టదు కదా అన్న ధీమా!

మరి అంత ధీమా ఉన్న ఇంట్లో ఆ మనిషి సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు మొహం ఎందుకలా వాడిపోయి ఉంటుంది? పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు పట్టుకొస్తే ఎందుకు కసురుకుంటారు? రిటైర్మెంటుకి ఇంకా పదేళ్ళుండగానే వేళ్ళ మీద లెక్కపెట్టుకోవటం ఎందుకు? "నెల నెలా జీతం వస్తోందిగా, ఇంకా ఈ సణుగుడు దేనికి?" అని మనకీ విసుగొస్తుంది. ఈ వారం ఆ సణుగుడు సంగతే మాట్లాడుకుందాం. ఆఫీసు గొడవ ఆడవాళ్ళ పేజీలో ఎందుకంటారా? ఆ గొడవ పొద్దుగూకేసరికి చేరేది మన ఇంటికే కనక.

అలసట వేరు, విసుగు వేరు

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పని ఎక్కువై వచ్చేది అలసట. కడుపునిండా తిని కంటినిండా నిద్రపోతే తెల్లారేసరికి చాలావరకు తగ్గిపోతుంది. చేసే పనిలో తన మాటకు విలువ లేకపోతే వచ్చేది విసుగు. అది నిద్రతో పోదు. మర్నాడు ఉదయం టిఫిన్ దగ్గర మళ్ళీ మొదలవుతుంది.

మన వంటింటి సంగతే తీసుకోండి. ఇంట్లో శుభకార్యమై ముప్ఫై మందికి వండామనుకోండి. నడుం పడిపోతుంది. అయినా ఏం వండాలి, ఎప్పుడు పొయ్యి వెలిగించాలి, ఎవరికి ముందు వడ్డించాలి అన్నీ మనమే చూసుకున్నాం కనక, రాత్రికి కాళ్ళు పీకుతున్నా మనసు తృప్తిగానే ఉంటుంది. అదే నలుగురికే వండుతున్నా, పక్కనొకరు నిలబడి ఉప్పెంతో, పోపెప్పుడో వాళ్ళే చెబుతూ, తీరా కూర చెడితే మాత్రం మాట మనల్నే అంటుంటే ఎలా ఉంటుంది? గరిట అవతల పారెయ్యాలనిపిస్తుంది.

అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లో సరిగ్గా ఇదే చెప్పారు. అమెరికా, స్వీడన్ దేశాల ఉద్యోగుల వివరాలు పరిశీలించి, పని ఒత్తిడి ఒక్కటే మనిషిని కుంగదియ్యదన్నారు. ఒత్తిడి ఎక్కువ ఉండి, తన పని తాను నిర్ణయించుకునే వీలు తక్కువ ఉన్నచోటే మనిషి బాగా నలిగిపోతాడన్నారు. ఆయన లెక్కలు కట్టి తేల్చినది ఉమ్మడి కుటుంబంలో కాపరం చేసిన ఏ కోడలినడిగినా చెబుతుంది!

బస్సులో మనం చూడని సంగతులు

మనం తరచుగా చూసే ప్రభుత్వోద్యోగులెవరు? కలెక్టరుగారు కాదు, తాసీల్దారుగారు కాదు. ఆర్టీసీ డ్రైవరు, కండక్టరు. నూజివీడు బస్టాండులో విజయవాడ బండి కోసమో, ఏలూరు, విస్సన్నపేట బండ్ల కోసమో నిలబడినప్పుడు వాళ్ళ పని ఒకసారి గమనించండి.

తెల్లవారుజామున మొదటి సర్వీసు ఎక్కాల్సిన డ్రైవరు మూడున్నరకే లేవాలి. ఆయన కంటే ముందు ఆయన ఇల్లాలు లేవాలి. ఎండాకాలం వచ్చిందంటే మా రోడ్ల మీద కాయల లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరతాయి. పైన ఎండ, పక్కన ఇంజను వేడి. బండి టైముకి చేరాలి, డీజిలు పొదుపు కావాలి, చిన్న గీత కూడా పడకూడదు. రోడ్డు మీద గుంట ఆయన చేతిలో లేదు. అడ్డం వచ్చిన గేదె ఆయన చేతిలో లేదు. చెయ్యెత్తిన చోటల్లా ఆపమనే మనం ఆయన చేతిలో లేము. జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఆయనే. ఇందాక చెప్పుకున్న వంటింటి బాధే ఇది.

కండక్టరు సంగతి మరొకటి. టికెట్ల మిషను, చిల్లర, వేబిల్లు. తరవాతి స్టేజీ వచ్చేలోపల కొత్తగా ఎక్కినవాళ్ళందరికీ టిక్కెట్లు కొట్టెయ్యాలి. మధ్యలో చెకింగు వాళ్ళు ఎక్కితే ఒక్క టిక్కెట్టు తేడా వచ్చినా సంజాయిషీ. సాయంత్రం డిపోలో డబ్బు కట్టేటప్పుడు తక్కువైతే జేబులోంచి. రోజంతా వందల మందితో మాట్లాడాలి, అందులో సగం మందితో వాదన చిల్లర దగ్గరే.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో 'స్త్రీశక్తి' పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మనకి ఉచిత ప్రయాణం. ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. కూతురింటికి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా ఇప్పుడు ఛార్జీ కోసం ఎవరి చెయ్యీ చూడక్కర్లేదు. అయితే మనం డబ్బివ్వకపోయినా కండక్టరు ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ చూసి సున్నా టిక్కెట్టు కొట్టి ఇవ్వాల్సిందే. "డబ్బుల్లేని టిక్కెట్టుకి ఇంత రాద్ధాంతమా?" అని మనలో కొందరు కసురుకుంటారు. ఆ టిక్కెట్టు లేకపోతే మాట పడేది ఆయనే. కిక్కిరిసిన బండిలో, కార్డు సంచి అడుగున ఎక్కడో పెట్టి అప్పుడు వెతుక్కునే యాభై మంది మధ్య ఆయన నిలబడి ఉన్నాడని గుర్తు తెచ్చుకుందాం.

మా వీధిలో ఒక కండక్టరుగారి భార్య ఒకసారి అంది: "పిన్నిగారూ, ఆయన డ్యూటీ దిగి వచ్చాక గంట సేపు ఎవరూ మాట్లాడకూడదు. టీవీ కూడా పెట్టనివ్వరు. పొద్దుట్నుంచీ చెవుల్లో మాటలే, ఇంక మాట వద్దంటారు." పిల్లలకేమో అది నాన్న కోపంలాగా కనిపిస్తుంది. కోపం కాదది. రోజంతా నవ్వు మొహం పెట్టి పెట్టి, ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు అయిపోయింది.

నవ్వు కూడా ఒక పనే అని ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా ఆవిడ 1983లో ఒక పుస్తకమే రాశారు. విమానాల్లో పనిచేసే అమ్మాయిల్ని చూసి రాశారావిడ. లోపల ఒకటి ఉండగా పైకి ఇంకొకటి చూపించటం కూడా మూటలు మొయ్యటం లాగే మనిషిని అలసటకు గురిచేస్తుందన్నారు. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే కార్బైడు పెట్టి మగ్గించిన కాయ అన్నమాట. పైకి పసుపు, లోపల పులుపు. బ్యాంకు కౌంటర్లో అమ్మాయికైనా, ఆస్పత్రిలో నర్సుకైనా, మీసేవలో కుర్రాడికైనా ఇదే వరస.

లండన్ ఆఫీసుల్లో తేలిన నిజం

పై ఆఫీసర్లకే టెన్షన్ ఎక్కువ, కింది గుమాస్తాకేముంది అని మనం అనుకుంటాం. ఇంగ్లండులోనూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు. లండన్‌లోని ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. వైట్‌హాల్ పరిశోధన అంటారు దాన్ని. తీరా చూస్తే లెక్క తలకిందులైంది. అన్నిటికంటే పై హోదాలో ఉన్న ఆఫీసర్ల కంటే, అన్నిటికంటే కింద ఉన్న బంట్రోతుల్లాంటి వాళ్ళు గుండె జబ్బుతో చనిపోవటం మూడు రెట్లకు పైగా ఉంది. సిగరెట్లు, రక్తపోటు అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా తీరలేదు.

1985లో మళ్ళీ పదివేల మందికి పైగా ఉద్యోగుల్ని, ఈసారి ఆడవాళ్ళని కూడా కలుపుకుని, పరిశోధన మొదలుపెట్టారు. దానికి పెద్ద దిక్కు మైఖేల్ మార్మట్ అనే డాక్టరుగారు. తమ పని మీద తమకు అదుపు తక్కువగా ఉన్నవాళ్ళలో గుండె జబ్బులు ఎక్కువని అందులో కనిపించింది. అంటే పెత్తనం చేసే కుర్చీ కంటే, పెత్తనం కింద నలిగే కుర్చీ గుండెకు ఎక్కువ చేటు అన్నమాట.

అదే లండన్‌లో ఇంకో విచిత్రం. రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళ గురించి జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ఒక సంగతి బయటపెట్టారు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, కూర్చుని బండి నడిపే డ్రైవర్లకు గుండె జబ్బులు ఎక్కువట! శరీరానికి వ్యాయామం ఎంత అవసరమో ప్రపంచానికి గట్టిగా తెలియజెప్పింది ఆ బస్సులే. కాబట్టి డ్యూటీ దిగాక పడక్కుర్చీలో కూలబడే ఆయన్ని "కాస్త అలా కూరల మార్కెట్టు దాకా నడిచొద్దాం రండి" అని లేపితే మనం మంచిపనే చేసినట్టు.

జీతం చెయ్యగలిగింది, చెయ్యలేనిది

జీతం ముఖ్యం కాదని ఎవరైనా అంటే వాళ్ళు ఎప్పుడూ పాలవాడికి లెక్క కట్టలేదన్నమాట. 2022 ఫిబ్రవరి 3న మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు వేలాది మంది పీఆర్సీ కోసం 'చలో విజయవాడ' అంటూ రోడ్డెక్కారు. 2019లో తెలంగాణలో ఆర్టీసీ కార్మికులు అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్నది వాళ్ళ ముఖ్యమైన కోరిక. ఆ రెండు నెలలూ ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఇల్లాళ్ళకే తెలియాలి.

మన దగ్గర 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. ఎంతో కాలంగా కోరుకున్నదే. సంస్థ నష్టాల్లో ఉంది, రేపేమవుతుందో అన్న భయం తగ్గింది. అయితే జనవరి 2న కూడా అదే రోడ్డు, అదే రద్దీ, అదే చిల్లర గొడవ. రేపటి దిగులు తీరటం ఒకటి, ఇవాళ్టి పని ఇష్టంగా ఉండటం ఇంకొకటి.

ఈ తేడాని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా ఆయన 1959లోనే చెప్పారు. సుమారు రెండొందల మంది ఇంజనీర్లని, అకౌంటెంట్లని కూర్చోబెట్టి, "ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిందెప్పుడు? బాగా బాధ కలిగిందెప్పుడు?" అని అడిగారు. బాధ గురించి చెప్పినప్పుడు ఆఫీసు పద్ధతులు, పై అధికారి తీరు, జీతం లాంటివి చెప్పారు. సంతోషం గురించి చెప్పినప్పుడు మాత్రం ఒక పని సాధించటం, నలుగురూ గుర్తించటం, బాధ్యత అప్పగించటం లాంటివి చెప్పారు. జీతం సరిగా లేకపోతే మనిషి ఏడుస్తాడు. సరిగా ఉన్నంత మాత్రాన నవ్వడు. పప్పులో ఉప్పు లాంటిది జీతం. లేకపోతే ముద్ద దిగదు. ఉన్నంత మాత్రాన విందు కాదు.

ఇంకో మాట. ఏ పని కోసం ఉద్యోగంలో చేరారో ఆ పని పక్కకుపోయి వేరే పనులు మీద పడితే కూడా ఇష్టం పోతుంది. పాఠాలు చెప్పటానికి చేరిన మన పంతుళ్ళు కొన్నాళ్ళు బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాల్సి వచ్చింది. 2022 ఆగస్టులో ఫోన్‌కి మొహం చూపించి హాజరు వెయ్యమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. బడికి టైముకి రావటం న్యాయమే. కానీ "నమ్మకం లేదు మీ మీద" అన్నట్టు అడిగితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

రెండు డ్యూటీల ఆడవాళ్ళు

ఇప్పటిదాకా ఉద్యోగం చేసే మగవాళ్ళ గురించి ఎక్కువ చెప్పుకున్నాం. బస్సులో కండక్టరుగా, సచివాలయంలో, బ్యాంకులో, బడిలో పనిచేసే మన ఆడపిల్లల సంగతి? ఆయన ఇంటికొస్తే డ్యూటీ దిగినట్టు. ఆమె ఇంటికొస్తే రెండో డ్యూటీ ఎక్కినట్టు. మొగుడికి గంట నిశ్శబ్దం కావాలి సరే, కండక్టరమ్మకి ఆ గంట ఎవరిస్తారు?

అంగన్‌వాడీ అక్కలనే చూడండి. వాళ్ళ చేతికొచ్చేదాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. పిల్లలకి కోడిగుడ్డు ఉడకబెట్టటం, తూకాలు, బాలింతల వివరాలు, రిజిస్టర్లు, మళ్ళీ అవే వివరాలు ఫోన్‌లో. 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 దాకా 42 రోజులు వాళ్ళు సమ్మె చేశారు. సంక్రాంతి పండక్కి మనం ముగ్గులు పెట్టుకుంటుంటే వాళ్ళు శిబిరాల్లో ఉన్నారు. జీతాలు పెంచమన్నదే పైకి వినిపించిన మాట. ఆ మాట వెనకాల "మేం చేసేదీ ఉద్యోగమే, మమ్మల్నీ లెక్కలోకి తీసుకోండి" అన్న మాట కూడా ఉంది.

మీ కోడలో, మరదలో ఉద్యోగం చేస్తుంటే ఆమెనొకసారి అడగండి, ఆఫీసులో అన్నం తినటానికి, ఆడవాళ్ళు మొహం కడుక్కోవటానికి చోటుందా అని. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే నోరు మూసుకోమని మాత్రం చెప్పకండి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు తీసుకోవటానికి ఒక కమిటీ ఉండాలని 2013లో చట్టమే వచ్చింది.

మనం చెయ్యగలిగినవి

1. గుమ్మంలోనే గ్యాసు అయిపోయిందని, ఫీజు కట్టాలని మొదలుపెట్టకండి. మంచినీళ్ళిచ్చి ఒక అరగంట ఆగండి. ఆ అరగంటా పిల్లలకి కూడా అలవాటు చెయ్యండి. ఇంటికొచ్చేది ఆడమనిషైతే ఈ సూత్రం మగవాళ్ళకి, అత్తగారికి!

2. "ఇవాళ ఎలా జరిగింది?" అని అడిగితే చాలామంది "ఏముంది, మామూలే" అంటారు. "ఇవాళ బండి బాగా నిండిందా? ఆ ఫైలు కదిలిందా?" అని పని పేరు పెట్టి అడగండి. చెబుతారు. చెబుతుంటే సలహాలివ్వకండి, వినండి. సగం బరువు అక్కడే దిగుతుంది.

3. "పక్కింటాయన కూడా అదే ఉద్యోగం, ఎంత హుషారుగా ఉంటాడో" అన్న పోలిక వద్దే వద్దు. ఆఫీసులో పడ్డ మాటలు చాలు.

4. తెల్లవారు డ్యూటీ వాళ్ళ క్యారేజీలో నూనెలోడే కూరలు, బరువైన వేపుళ్ళు వద్దు. తిన్నాక కునుకొస్తే బండి నడిపేవాళ్ళకి ప్రమాదం. ఎండాకాలం దద్దోజనం మేలు. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి డబ్బాకి పెట్టండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది, పులవదు. అల్లం, కరివేపాకు, ఆవాలతో పోపు చాలు. రక్తపోటు ఉన్నవాళ్ళకి ఊరగాయ బదులు పచ్చి మామిడి తురుము రెండు చెంచాలు కలపండి. ఒక సీసాలో పల్చటి మజ్జిగ విడిగా ఇవ్వండి.

5. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకున్నవాళ్ళని ఫోనొచ్చిందనీ చుట్టాలొచ్చారనీ లేపకండి. కిటికీకి ముదురు రంగు పాత చీర ఒకటి కట్టండి. ఆ నిద్ర రాత్రి నిద్రతో సమానం.

6. బస్సెక్కే ముందే కార్డు, చిల్లర చేతిలో పట్టుకోండి. దిగేటప్పుడు "వస్తాం బాబూ" అనండి. కౌంటర్లో పని చేసిపెట్టిన అమ్మాయికి "థాంక్సమ్మా" అనండి. లంచం లాంటి మర్యాద కాదు, మనిషికి మనిషి ఇచ్చే మర్యాద. రోజంతా తిట్లే విన్నవాళ్ళకి ఆ ఒక్క మాట ఎంత విలువో, వాళ్ళ ఇల్లాళ్ళకి తెలుసు.

ఇంటి చేతిలో లేనివి

ఇవన్నీ చేస్తే ఆఫీసు బాధ తీరిపోతుందని నేననను. ఖాళీలు నింపకుండా ముగ్గురి పని ఒకరికి అప్పగిస్తే, ఇల్లాలు ఎంత కమ్మగా వండినా ఆ భారం తగ్గదు. బస్సు నడిపేవాళ్ళకి రోజుకు ఎనిమిది గంటలు, ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల కోసం చేసిన చట్టంలో రాశారు. అలాంటివి అడిగి సాధించుకోవలసింది ఉద్యోగులు, వాళ్ళ సంఘాలు. చెయ్యవలసింది పైవాళ్ళు. ఖర్చు లేకుండా పైవాళ్ళు చెయ్యగలిగినదీ ఒకటుంది. తప్పు చేస్తే గదిలోకి పిలిచి చెప్పటం, మంచి చేస్తే నలుగురిలో చెప్పటం. చాలా చోట్ల ఇది తిరగబడి జరుగుతోంది, అదే బాధ. ఈ పేజీ చదివే వాళ్ళలో ఆఫీసర్ల భార్యలూ ఉంటారు. ఈ మాట రాత్రి భోజనాల దగ్గర ఒకసారి చెప్పి చూడండి.

విసుగు ఒక హద్దు దాటితే మాత్రం "అదే పోతుందిలే" అని ఊరుకోకూడదు. వారాల తరబడి నిద్ర పట్టకపోవటం, అన్నం సహించకపోవటం, కొత్తగా తాగుడు మొదలవటం, ఎవరితోనూ మాట్లాడకపోవటం, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాటలు వినిపిస్తే వెంటనే డాక్టరుకి చూపించండి. ఇది పిచ్చీ కాదు, పరువు తక్కువా కాదు. పనిచేసే చోట ఒత్తిడి తగ్గక మనిషి పూర్తిగా ఉడిగిపోవటాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో తన పట్టికలో గుర్తించింది. 2022 అక్టోబరులో మన దేశంలో టెలీ మానస్ అనే ఫోను సలహా సేవ మొదలైంది. 14416కి ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. క్యాలెండరు మీద, గ్యాసు ఏజెన్సీ నెంబరు పక్కన ఈ నెంబరు కూడా రాసి పెట్టుకోండి. గుండెల్లో నొప్పి, ఎడమ చెయ్యి లాగటం, చెమటలు పడితే మాత్రం ఫోన్లు, సలహాలు కాదు, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మీ ఇంట్లో ఉద్యోగం చేసేవాళ్ళు డ్యూటీ దిగి వచ్చాక వాళ్ళ మనసు తేలికపరచటానికి మీరేం చేస్తున్నారో రాసి పంపండి. పదిమందికీ పనికొచ్చేవి ఈ పేజీలోనే చెప్పుకుందాం. వచ్చే వారం, మాగాయ ముక్కలు ఎండబెట్టేటప్పుడు వానొస్తే పాడవకుండా ఏం చెయ్యాలో చూద్దాం. ఉంటానమ్మా!